అంతరాత్మ స్వాతంత్ర్యము: పరులకు బోధింపవచ్చునా?



మాఘోత్సవము జరుపుకొనుటకై మనమిచ్చట సమావేశమైతిమి. 1830వ సంవత్సరము జనవరి 23వ తేదీని, వంగదేశపు లెక్క ననుసరించి మాఘము 11వ దినమున, రాజా రామమోహనరాయలవారును వారి మిత్రులును కలకత్తానగరమున చిత్పూరు వీథిలో ఏకేశ్వరోపాసనకై యొక మందిరమును తెఱచిరి. ఆ దినమును తలచుకొనునపుడు మనము కీర్తనలు పాడుకొని, పెద్దలను కొనియాడి, సంతోషముతో నిండ్లకు పోవుట వాడుక. ఈ యేడు మేమొక ప్రశ్నను మీ ముందుంచి, దానిని మీతో గూడ విచారింపదలచితిమి. ఆ ప్రశ్న మాది కాదు. గడచిన మాసమున ఉపాసన ముగిసిన పిమ్మట ఒక కళాశాలా విద్యార్థి మమ్ము సమీపించి యడిగినది.

"అయ్యా, ప్రతి యాత్మయు తనంతట తాను విచారించి సత్యమును గ్రహింపవలెననియు, ఇంకొకరు చెప్పినంతమాత్రమున నమ్మరాదనియు తాము బోధించుచున్నారు. తమ మాటను నేనంగీకరించినచో, ఇంకొకరి మాటపై నమ్మినవాడ నగుదును. అంగీకరింపనిచో, తమ బోధను పాటించినవాడ నగుదును. అట్లయిన నీ బోధ యెందులకు?" అని యాతడు చిఱునవ్వుతో నడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యిల్లు చేరులోపలనే మా నవ్వు మాయమయ్యెను. ఏలయన, ఆ ప్రశ్న కేవలము మాటల గారడి కాదు. స్వాతంత్ర్యమును బోధించువారందఱును ఏదో యొకనాడు దానికి సమాధానము చెప్పుకొనక తప్పదు. మనుష్యుని స్వాతంత్ర్యమును నిజముగా గౌరవించువాడు ఆ స్వాతంత్ర్యధర్మమునకు ఇతరులను ఒప్పింపజూచుట న్యాయమా? న్యాయమేయైనచో, ఏ విధమున, ఎంతవఱకు?

మొదట స్వాతంత్ర్యమను మాటకు మన యర్థమేమో చెప్పుకొందము. ఇచ్చవచ్చినట్లు తిరుగుట, పెద్దలను ధిక్కరించుట, బాధ్యతలను వదలుకొనుట స్వాతంత్ర్యమని మేమనుట లేదు. ప్రతి మనుష్యుని యంతరాత్మయు మధ్యవర్తి లేక పరమేశ్వరుని యెదుట నిలిచియున్నది. పురోహితుడు గాని, గ్రంథము గాని, కులము గాని, ప్రభుత్వము గాని యాతనికి బదులుగా ఆ సన్నిధిని నిలువజాలదు. తాను చేసిన పనికి తానే యుత్తరవాది. ఉత్తరవాదిత్వము తనదైనపుడు నిర్ణయము కూడ తనదే కావలెను. ఒకడు నిర్ణయించి, ఇంకొకడు ఫలమనుభవించుట న్యాయము కాదు. ఇదియే మేము చెప్పు స్వాతంత్ర్యము. ఇది హక్కగుటకు ముందు భారము.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు తొందరపాటుతో చెప్పదగిన సమాధానములు రెండు కలవు. రెండును తప్పని మా యభిప్రాయము.

మొదటి సమాధానము మౌనము. "ఎవని దారి వానిది. మన నమ్మకమును మనయొద్ద నుంచుకొందము. పరుల జోలి మనకేల?" అని మనలో మర్యాదస్థులు పలువురందురు. ఈ మాట వినుటకు సొంపుగానే యున్నది. కాని లోకమున మనమొక్కరమే బోధకులమైనట్లును, మనము నోరు మూసికొన్నచో వినువాని మనస్సు ఏ యొత్తిడియు లేక స్వచ్ఛముగా నుండునట్లును ఈ మాట భ్రమ కలిగించుచున్నది. ఆచారము నోరు మూసికొనిన దినమెన్నడైన కలదా? బిడ్డ పుట్టినది మొదలు ఇతరులను తాకరాదనియు, తాకవచ్చుననియు, వీరు పెద్దలనియు, వారు తక్కువవారనియు, ఆడుది యడుగరాదనియు ఆచారము రేయింబవళ్లు బోధించుచునే యున్నది. అది యుపన్యాసవేదిక నెక్కదు, కరపత్రములు పంచదు. వంటయింటిలో, బావిగట్టున, పెండ్లిపందిటిలో బోధించును. అట్టి చోట మనము వహించు మౌనము ఉభయపక్షములకును సమమైనది కాదు. ఆచారపక్షమున వేసిన యోటే యగును. రెండవ పక్షము కూడ కలదని వినని వానికి నిర్ణయించు స్వేచ్ఛ పేరునకు మాత్రమే కలదు.

న్యాయస్థానమున పనిచేయు మాకు ఈ సంగతి నిత్యానుభవము. ఒక పక్షము వాదమును మాత్రమే విని యిచ్చిన తీర్పును తీర్పని యెవరును గౌరవింపరు. కాబట్టి రెండవ పక్షమును వినిపించుట వినువాని స్వాతంత్ర్యమునకు భంగము కాదు. ఆ స్వాతంత్ర్యము పనిచేయుటకు కావలసిన సామగ్రిని సమకూర్చుట యగును.

రెండవ సమాధానము మొదటిదానికి నేరుగా విరుద్ధము. "స్వాతంత్ర్యము మేలైనది. మేలైనదానిని మూఢులచేత బలవంతముగానైనను స్వీకరింపజేయవలెను. రోగికి చేదు మందు పోయుట లేదా?" అని యుత్సాహవంతులందురు. ఇది తెలివితక్కువవారికి మాత్రమే తోచు తలపనుకొనరాదు. జాన్ స్టూవర్టు మిల్లు దొరగారు 1859లో స్వాతంత్ర్యమునుగూర్చి జగత్ప్రసిద్ధమైన గ్రంథమును ప్రకటించిరి. ఒకని సొంత మేలు కొఱకని యాతనితో వాదింపవచ్చును, నచ్చజెప్పవచ్చును, బతిమాలవచ్చును గాని, బలవంతము మాత్రము చేయరాదని వారందు స్థాపించిరి. అంతటి వారు ఆ గ్రంథమునందే, ఇంకను బాల్యావస్థలో నున్నవని తాము తలచిన జాతులకు ఈ సూత్రము వర్తింపదనియు, వారిని బాగుచేయు నుద్దేశము కలదేని నిరంకుశపాలనయు తగుననియు వ్రాసిరి. వారు 1823 మొదలు 1858 వఱకు లండనులో ఈస్టిండియా కంపెనీవారి కార్యాలయమున ఉద్యోగము చేసినవారు. ఆ మినహాయింపు ఎవరిమీద పడినదో మనము వేఱుగ చెప్పుకొన నక్కఱలేదు. పరులను ఒప్పించు నోపిక నశించినపుడు, స్వాతంత్ర్యమును ప్రేమించువాని కలమునుండి సైతము నిరంకుశత్వము జాఱిపడును.

మిల్లుగారిని తప్పుపట్టుట సులభము. మా యింటి సంగతి చెప్పుకొనుట కష్టము. అయినను చెప్పెదము.

మేము సమాజమున చేరిన క్రొత్తలో మాకు వేడి యెక్కువ. మా తల్లిగారు ప్రతి సాయంకాలమును పెరటిలోని తులసికోట యొద్ద దీపము పెట్టుచుండిరి. ఈశ్వరుడు నిరాకారుడనియు, చెట్టునకు దీపము పెట్టినందున ప్రయోజనము లేదనియు మేము భోజనము చేయునపుడెల్ల ఆమెతో వాదించుచుంటిమి. ఆమె యెదురు చెప్పెడివారు కారు. కొన్ని దినములకు దీపము కనబడలేదు. వాదమున గెలిచితిమని మేము పొంగిపోయి, మిత్రులతో గూడ చెప్పుకొంటిమి. రెండు మూడు మాసములు గడచిన పిమ్మట ఒకనాటి సాయంకాలము ఆమె చీకటిలో ఊరక ఆ తులసికోట యొద్ద కూర్చుండి యుండుట చూచి, "అమ్మా, దీపము పెట్టుట నీ యంతట నీవే మానితివి గదా?" అని యడిగితిమి. ఆమె, "నాయనా, సంపాదించువాడవు నీవు. ఇల్లు నీది. నీకిష్టము లేని పని నీ యింట నెట్లు చేయుదును?" అనిరి.

ఆ మాటలో కోపము లేదు, నింద లేదు. అందువలననే మాకది మఱింత గట్టిగా తగిలినది. ఏ పెత్తనమునకు విరుద్ధముగ మేము సభలలో మాటలాడుచుంటిమో, ఆ పెత్తనమునే మా యింట చెలాయించితిమి. శాస్త్రము పేరిట పురోహితుడు చేయుపనిని మేము హేతువు పేరిట చేసితిమి. ఆమె మా వాదమునకు లోబడలేదు, మా యన్నమునకు లోబడినది. మేము క్షమాపణ వేడుకొంటిమి. మఱునాడు దీపము మరల వెలిగినది. ఆమె జీవించియున్నంతకాలమును వెలిగినది. ఆ దీపమునుగూర్చి మా యభిప్రాయము మాఱలేదు. ఆమె యభిప్రాయమును మాఱలేదు. మా మాటతీరు మాత్రము మాఱినది.

నాటినుండి మేమొక విషయమును గమనించుచున్నాము. ఒప్పించుటకును ఒత్తిడిచేయుటకును గల భేదము పలుకబడిన మాటలలో లేదు. అవియే మాటలు సమానునితో పలికినపుడు వాదమగును. మన చేతి యన్నము తినువానితో పలికినపుడు ఆజ్ఞయగును. తండ్రి కుమారునితో, యజమాని పనివానితో, ఉపాధ్యాయుడు శిష్యునితో, భర్త భార్యతో మతమునుగూర్చి మాటలాడునపుడు, ఎదుటివాడు "కాదు" అనుటకు ఎంత వెల చెల్లింపవలసియుండునో ముందుగా లెక్క చూచుకొనవలెను.

ఈ లెక్కను చట్టమెప్పుడో చూచియున్నది. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ఇరువురి నడుమ జరిగిన యొడంబడిక చెల్లవలెనన్న సమ్మతి స్వేచ్ఛగా నీయబడినదై యుండవలెనని చెప్పుచున్నది. బలవంతము వలన గాని, అనుచితమైన ప్రాబల్యము వలన గాని, మోసము వలన గాని, అసత్యపు వివరణ వలన గాని, పొరపాటు వలన గాని కలిగిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు. అంతియకాదు. ఒకని మనస్సును లోబఱచుకొనగల స్థానమున నున్నవాడు ఆతనితో చూపునకే యన్యాయమైన యొడంబడిక చేసికొన్నచో, తాను ప్రాబల్యము నుపయోగింపలేదని నిరూపించుకొను భారము ఆ బలవంతునిమీదనే మోపబడినది. అట్లు సమ్మతిచ్చినవాడు తరువాత దానిని రద్దుచేసికొనవచ్చును. ఒక యెకరము భూమికిని, ఒక జత యెడ్లకును సంబంధించిన సమ్మతి విషయమున మనమింత జాగ్రత్త వహించుచుండగా, మనుష్యుని యంతరాత్మకు సంబంధించిన సమ్మతి విషయమున ఇంతకు తక్కువ జాగ్రత్త తగునా?

కావున బోధకుడు తన్ను తానడుగుకొనవలసిన ప్రశ్నలు చట్టమునుండియే లభించుచున్నవి. నేను భయపెట్టుచున్నానా? ఇచ్చట వెలి యనియు, పరలోకమున నరకమనియు చెప్పుట రెండును భయపెట్టుటయే. నేను పెట్టు అన్నమును, చెప్పించు చదువును, ఇప్పించు నుద్యోగమును నా వాదమునకు తోడుగా నిలుపుచున్నానా? ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మము. ఆ విస్తరి ప్రక్కనే కరపత్రము నుంచుట వ్యాపారము. నా పక్షములోని లోపములను దాచుచున్నానా? ఎదుటివాని మతమును, ఆతడు తనదని గుర్తింపలేని రీతిగా వికారముచేసి చెప్పుచున్నానా? చివరకు, వచ్చినవాడు తిరిగిపోదలచినచో తలుపు తెఱచియుండునా? 1850వ సంవత్సరపు 21వ చట్టము మతమును గాని కులమును గాని వదలినవానికి ఆస్తిహక్కు పోదని శాసించి, పోవువాని దారిని కాపాడినది. మన సమాజమునుండి పోవువానికిని అట్టి దారినే మనము స్నేహముతో తెఱచి యుంచవలెను.

ఈ జాగ్రత్త మన సమాజమునకు క్రొత్తది కాదు. ఉపాసనామందిరమునుగూర్చి 1830 జనవరి 8వ తేదీని వ్రాయబడిన ట్రస్టు దస్తావేజును మేము వృత్తిధర్మముచేత పలుమాఱులు చదివియున్నాము. జాతిమతభేదము లేక మర్యాదతో భక్తితో వచ్చువారందఱికిని ఆ మందిరము తెఱవబడి యుండవలెనని యందు కలదు. విగ్రహములు, చిత్తరువులు తేరాదనియు, బలులు ఈయరాదనియు కూడ కలదు. ఇంతవఱకు ఏ సంస్కర్తయైనను వ్రాయును. కాని దానితో గూడ మఱియొక నిబంధన కలదు. ఏ మనుష్యునిచేత గాని, ఏ జనసమూహముచేత గాని పూజింపబడు ఏ వస్తువునుగూర్చియు ఆ మందిరమున జరుగు బోధలో, ప్రార్థనలో, గానములో నిందాపూర్వకముగ మాటలాడరాదు. విగ్రహారాధనమును జీవితాంతము ఖండించిన మహాపురుషుని మందిరమున ఈ నిబంధన యేల? వాదమునకును అవమానమునకును గల భేదమును వారెఱిగియుండిరి. వాదము వినువాని బుద్ధిని మేలుకొలుపును. అవమానము ఆతని యభిమానమును మేలుకొలుపును. అభిమానము మేలుకొన్న యింటిలో బుద్ధి తలుపు మూసికొని పండుకొనును.

మన సమాజచరిత్రమునందు ఒప్పించుటకు తగిన యుదాహరణ మొకటియు, ఒప్పించుట విఫలమైనందుకు ఉదాహరణ మొకటియు చెప్పెదము.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు మొదట వేదములు ఈశ్వరదత్తములనియు, అందు దోషముండదనియు నమ్మియుండిరి. తత్త్వబోధినీ పత్రికకు సంపాదకులైన అక్షయకుమార దత్తుగారు అట్లు నమ్ముటకు హేతువు లేదని వాదించిరి. ఒకరు సంపన్నుడైన నాయకుడు, మఱియొకరు ఆ నాయకుని పత్రికలో పనిచేయువారు. లోకరీతి ననుసరించినచో వాదము మొదటి దినముననే ముగియవలసినది. కాని మహర్షి సంపాదకుని నోరు మూయింపలేదు. వేదములలో నిజముగా నేమి కలదో తెలిసికొనుటకై నలుగురు విద్యార్థులను కాశికి పంపిరి. తామును కాశికి పోయి విచారించిరి. కొన్ని సంవత్సరముల విచారణకు పిమ్మట, 1850 ప్రాంతమున, సమాజము వేదప్రామాణ్యమును వదలుకొన్నది. మహర్షి వేదోపనిషత్తులను ప్రేమించుట మానలేదు. గ్రంథముకంటె నిర్మలమైన హృదయమే సత్యమునకు ఆధారమని మాత్రము నిశ్చయించుకొనిరి. తక్కువ స్థానమున నున్నవాడు నిర్భయముగ చెప్పగా, ఎక్కువ స్థానమున నున్నవాడు ఓపికతో వినగా కలిగిన మార్పిది. ఇట్టిదానిని మేము ఒప్పించుట యనెదము.

రెండవ యుదాహరణము బాధాకరమైనది. కేశవచంద్రసేనుగారి ప్రతిభను, భక్తిని, త్యాగమును తక్కువచేసి మాటలాడుటకు మేమర్హులము కాము. 1866లో పెద్దల కట్టుబాట్లనుండి విడివడి ప్రత్యేక సమాజమును స్థాపించినవారు వారే. 1872వ సంవత్సరపు 3వ చట్టము వారి కృషివలన వచ్చినదే. దానిక్రింద జరుగు వివాహములలో కన్యకు 14, వరునికి 18 ఏండ్లు నిండవలెనని నియమము. అట్టివారు 1878లో తమ కుమార్తెను 14 ఏండ్లు నిండకమునుపే కూచ్‌బిహారు మహారాజునకిచ్చి వివాహము చేసిరి. తోటివారు అభ్యంతరము చెప్పగా, ఇది తమకు కలిగిన యీశ్వరాదేశమనిరి. సోదరులారా, హేతువునకు హేతువుతో బదులు చెప్పవచ్చును. ఆదేశమునకు బదులేమున్నది? ఆ మాటతో సంభాషణ ముగిసినది. ఆ సంవత్సరము మే నెల 15వ తేదీని కలకత్తా పురమందిరమున సాధారణ బ్రాహ్మసమాజము స్థాపింపబడినది. ఒక్కని మాటపై నడువక, సభ్యుల సమ్మతిపై నడుచునట్లు దాని నిబంధనలు ఏర్పఱుపబడినవి. స్వాతంత్ర్యమును బోధించువాడే క్రొత్త యధికారిగా మాఱుట యెంత సులభమో ఈ చరిత్రము నేర్పుచున్నది. మా తులసికోట కథయు ఇదియే. ఆ కథ చిన్నది, ఈ చరిత్రము పెద్దది.

ఇచ్చట మీలో కొందఱు, "అన్నియు ఒప్పించుట వలననే కావలెనన్నచో చట్టములెందులకు? పసిపిల్లల తండ్రి యొప్పుకొనువఱకు పసిపిల్ల వేచియుండవలెనా?" అని యడుగవచ్చును. ఉచితమైన ప్రశ్న. ఒకని నమ్మకము ఆతనిపైననే పడునంతవఱకు మాటయే మన సాధనము. ఆ నమ్మకము ఇంకొకరి శరీరముపై, ముఖ్యముగ నోరు లేనివారి శరీరముపై పడునపుడు అది యాతని స్వాతంత్ర్యవిషయము కాదు. రెండవ ప్రాణి స్వాతంత్ర్యవిషయము. తాను ఉపవాసముండుటకు తండ్రికి హక్కు కలదు. తొమ్మిదేండ్ల బిడ్డను పెండ్లిపీటలమీద కూర్చుండబెట్టుటకు హక్కు లేదు. 1929వ సంవత్సరపు శారదా చట్టము కన్యకు 14 ఏండ్లని నిర్ణయించినను, 2006వ సంవత్సరపు చట్టము 18 ఏండ్లలోపు బాలికకు పెండ్లి చేయుటను నిషేధించినను, అవి యెవరి మతమును మార్పజూడలేదు. బిడ్డ తన నిర్ణయము తాను చేసికొనగల వయస్సు వచ్చువఱకు ఆమె చేతిని ఇతరులు లాగకుండ కాపాడినవి.

అయితే చట్టము తలుపు తెఱచునే గాని, లోపలికి నడిపింపదు. వితంతువుల పునర్వివాహమును న్యాయసమ్మతము చేసిన చట్టము 1856లో వచ్చినది. రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినది 1881 డిసెంబరు 11వ తేదీని. నడుమ 25 సంవత్సరములు తలుపు తెఱచియే యున్నది, దాటినవారు లేరు. ఆ దూరమును నడిపించినది మాట. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిలో వ్రాసిరి, సభలలో ఉపన్యసించిరి, శాస్త్రము నమ్మువారికి శాస్త్రముతోడను, హేతువు నమ్మువారికి హేతువుతోడను నచ్చజెప్పిరి. ప్రతిపక్షులలో కొందఱు వాదమునకు వాదము చెప్పిరి. అది వారి హక్కు. కాని పెండ్లి జరిగిన పిమ్మట ప్రయోగింపబడిన యాయుధము వాదము కాదు, వెలి. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు రాలేదు. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసితెచ్చి, తామే వండి వడ్డించిరి. ఆ కాలమున రెండు బోధలు ఎదురెదురుగ నిలిచినవి. ఒకటి "మా మాట వినకున్న నీకు నీళ్లు పుట్టవు" అన్నది. రెండవది బిందె నెత్తికొని నదికి పోయినది. వెల నెదుటివానిచేత చెల్లింపజేయు బోధ యేదియో, తానే చెల్లించు బోధ యేదియో గుర్తించుటకు ఇంతకంటె మంచి గుర్తు మాకు తెలియదు.

ఈ ధర్మము పాశ్చాత్యులనుండి యెరువు తెచ్చుకొన్నదని కొందఱందురు. కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని కలవు. తన మతమును పొగడి పరమతమును నిందించువాడు తన మతమునకే కీడు చేయుచున్నాడనియు, మాటయందు నిగ్రహము వలయుననియు వానిలో నొకదాని సారము. నేడు ఢిల్లీలో నున్న యొక స్తంభముపై ఆ చక్రవర్తియే, ధర్మము వృద్ధియగుటకు రెండుపాయములు కలవనియు, అవి నియమములు, నచ్చజెప్పుట యనియు, వానిలో నియమములవలన కలుగునది కొంచెమనియు, నచ్చజెప్పుటవలన కలుగునది యధికమనియు చెప్పియున్నాడు. ఆజ్ఞాపించుటకు సర్వశక్తియు గలవాడు తన రాజ్యానుభవముచేత చెప్పిన మాట యిది. భగవద్గీతయందును శ్రీకృష్ణుడు అర్జునునకు సుదీర్ఘముగ బోధించి, కడపట, దీనినంతయు బాగుగ విమర్శించుకొని నీకెట్లు తోచునో యట్లు చేయుమని విడిచెను. ఈశ్వరావతారమని కోట్లకొలది జనులు నమ్ము నాచార్యుడే శిష్యుని నిర్ణయమును శిష్యునికే విడిచినపుడు, మనమెంతవారము?

మన దేశపు రాజ్యాంగమును ఈ రెండు పార్శ్వములను కాపాడియున్నది. 1950లో అమలునకు వచ్చిన యా రాజ్యాంగపు 25వ అధికరణము అంతఃకరణస్వాతంత్ర్యమును, మతమును అవలంబించు, ఆచరించు, ప్రచారముచేయు హక్కును అందఱికిని సమముగ నొసగినది. ప్రచారమను మాటయుండవలెనా కూడదా యని 1948లో రాజ్యాంగసభలో తీవ్రమైన చర్చ జరిగినది. ఆ మాట నిలిచినది. 1977లో సుప్రీముకోర్టువారు ప్రచారహక్కనగా తన మతసూత్రములను వివరించి వ్యాపింపజేయు హక్కే గాని, ఇంకొకని మతము మార్చు హక్కు కాదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు మంచిచెడ్డలను న్యాయవాదులు ఇంకను చర్చించుకొందురు. వేదికమీదనుండి మేము గ్రహించు నీతి యొక్కటి. మాటలాడు హక్కు నాది. మాఱు హక్కు నీది. నా హక్కు నీ హక్కుగా నెన్నడును వేషము వేసికొనరాదు.

ఇపుడు ఆ విద్యార్థికి మా సమాధానము. "నాయనా, మా మాటను మా మాటయని నమ్మవలదు. వినుము, తూకము వేయుము, ప్రతిపక్షమును కూడ వినుము. నీ యంతరాత్మ యంగీకరించినచో, నీవు స్వీకరించినది మా మాట కాదు, నీ సొంత దర్శనము. దీపము చూపినవాడు కన్నులిచ్చినవాడు కాడు. నీ యంతరాత్మ యంగీకరింపనిచో, వచ్చెడు ఆదివారము కూడ వచ్చి మా ప్రక్కనే కూర్చుండుము. నీ చదువునకు మేము చేయు సాయము తగ్గదు. నీ మీది మా ప్రేమయు తగ్గదు."

ఈ కడపటి రెండు వాక్యములను నిలుపుకొనుటయే మా కందఱికిని పరీక్ష. మన మాట విన్నవానిని ఆదరించుట యెవరికైనను చేతనగును. మన మాట నిరాకరించినవానియెడ మన ప్రవర్తనయే మన బోధకు గీటురాయి. మన యిండ్లలో, మన పాఠశాలలలో, మన కార్యాలయములలో మనలను కాదన్నవారెవరైన నున్నారా? ఉన్నచో వారు సుఖముగా నున్నారా? ఒక్కరును లేకున్నచో, మనమందఱిని ఒప్పించితిమని పొంగవలదు. వారు చీకటిలో తులసికోట యొద్ద కూర్చుండియున్నారేమో పోయి చూడవలెను.

ప్రార్థింతము.

ఓ పరమేశ్వరా, నీవు సర్వశక్తుడవయ్యును మా మనస్సు తలుపును బలవంతముగ తెఱవక, వాకిట నిలిచి వేచియున్నావు. సత్యమును దాచుకొను పిఱికితనమునుండి మమ్ము రక్షింపుము. సత్యమును కఱ్ఱగా నుపయోగించు గర్వమునుండియు మమ్ము రక్షింపుము. మేము పలుకునపుడు మాకు ధైర్యమును, వినునపుడు ఓర్పును, నిరాకరింపబడినపుడు ప్రేమను ప్రసాదింపుము. మా చేతి యన్నము తినువారు మా యెదుట నిర్భయముగ "కాదు" అనగల దినమును మా యిండ్లకు తెమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.